ఎవరప్పా అది?

రాత్రి తొమ్మిది దాటాక మన ఊళ్లలో ఎవరైనా తలుపు తడితే లోపలినుంచి వచ్చే మాట ఒకటే: "ఎవరప్పా అది?" బయటినుంచి వచ్చే జవాబూ ఒకటే: "నేనే." ఆ జవాబులో పేరు లేదు, ఇంటిపేరు లేదు. అయినా లోపలి మనిషి లేచి గడియ తీస్తుంది. గొంతు చాలు, దగ్గు చాలు. చెప్పులు విడిచిన చప్పుడును బట్టి వచ్చింది మరిదో, వడ్డీకిచ్చిన ఆయనో కనిపెట్టే ఇల్లాళ్లున్నారు. రెండో ఆయనైతే "మా ఆయన ఊర్లో లేడు" అని మంచంమీద నుంచే చెప్పేస్తారు.

కంప్యూటరుకు ఈ విద్య రాదు. దానికి "నేనే" అంటే చెవికెక్కదు. దాన్ని నమ్మించడానికి మనం పడే తంటాలన్నీ కలిపి లాగిన్ అంటాం. ఒక చిన్న యాప్‌కు లాగిన్ తగిలించబోయి మా పిల్లలు, వాళ్లతోపాటు నేనూ నేర్చుకున్న సంగతులు కొన్ని ఈ పూట మీతో చెబుతాను.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంటాను. నా దగ్గర ఆఖరి సంవత్సరం చదువుతున్న నలుగురు పిల్లలు ప్రాజెక్టు కింద ఒక యాప్ చేస్తామన్నారు. వాళ్లలో ఒకమ్మాయిది కళ్యాణదుర్గం వైపు ఊరు. ఆ ఊరి రచ్చకట్ట మీద సాయంత్రం పూట జరిగే మాటల్ని ఫోన్లోకి తేవాలని వాళ్ల ఆలోచన. నిన్న రాత్రి ఎంత వాన పడింది, విత్తనానికి పదునైందా లేదా, కక్కలపల్లి మార్కెట్లో టమోటా బాక్సు ఎంత పలికింది, ఎవరి మేకపిల్ల తప్పిపోయింది, నీళ్ల ట్యాంకరు ఏ వీధికి ఎప్పుడొస్తుంది. అంతే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన పడే అనంతపురం జిల్లాలో ఇవి చిన్న కబుర్లు కావు. పక్క ఊళ్లో పదునైతే మన ఊళ్లో కాకపోవచ్చు. చెనక్కాయ విత్తనం ధర చూస్తే, ఒక వాన అబద్ధం ఒక రైతును ముంచుతుంది.

మొదట లాగిన్ లేదు. యాప్ తెరిస్తే పైన ఒక పెట్టె, అందులో పేరు కొట్టాలి, కింద మాట రాయాలి, బటన్ నొక్కాలి. మూడు వారాలు హాయిగా నడిచింది. ఒకరోజు ట్యాంకరు నడిపే ఆయన పేరుతో "రేపు ట్యాంకరు రాదు" అని ఒక పోస్టు పడింది. ఆయన రాయలేదు. ట్యాంకరు వచ్చింది. సగం ఊరు బిందెలు పెట్టలేదు, పనులకు వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆయన ఇంటిముందు జరిగిన గొడవ గురించి రేడియోలో చెప్పకూడదు లెండి.

మర్నాడు నలుగురూ నా గదికొచ్చి "మేడం, లాగిన్ పెట్టేస్తాం, రెండు రోజుల పని" అన్నారు. రెండు నెలలు పట్టింది.

మొదటి తప్పు ఆ రెండు రోజుల్లోనే జరిగింది. ఫోన్ తెరమీద ఒక లాగిన్ పేజీ పెట్టారు, అది దాటితే తప్ప రాసే బటన్ కనిపించదు. చాలా ముచ్చటగా ఉంది. కానీ అవతల సర్వర్, అంటే పోస్టులన్నీ దాచే కంప్యూటరు, దగ్గర ఏ కాపలా లేదు. యాప్‌తో పనిలేకుండా నేరుగా సర్వర్‌కు ఒక సందేశం పంపి, ఫలానా ఆయన రాశాడని చెబితే అది చక్కగా రాసేసుకుంటోంది. వీధి తలుపుకు ఇత్తడి తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టినట్టు. చిన్న చిన్న యాప్‌లు చేసేవాళ్లలో ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఫోన్ మన చేతిలో ఉండే వస్తువు, అది చెప్పిందల్లా సర్వర్ నమ్మకూడదు. వచ్చిన ప్రతి సందేశాన్నీ సర్వరే ఆపి అడగాలి.

అలాగని ప్రతిసారీ పాస్‌వర్డు అడిగితే మనుషులు పారిపోతారు. దీనికి ఆర్టీసీ బస్సే ఉదాహరణ. ఎక్కగానే కండక్టరుకు డబ్బులిచ్చి టికెట్ తీసుకుంటాం. మధ్యలో చెకింగ్ వాళ్లు ఎక్కితే మళ్లీ డబ్బులివ్వం, టికెట్ చూపిస్తాం. లాగిన్ అయినప్పుడు సర్వర్ కూడా ఇలాగే ఒక చీటీ ఇస్తుంది, దాన్ని టోకెన్ అంటారు. ఆ తర్వాత ఫోన్ పంపే ప్రతి సందేశంతోనూ ఆ టోకెన్ వెళుతుంది. ఎవరు రాశారో తేల్చుకోవలసింది టోకెన్‌ను చూసి. పెట్టెలో కొట్టిన పేరును చూసి కాదు. టికెట్ మీద తేదీ, దిగే ఊరు ఉన్నట్టే టోకెన్‌కూ గడువుంటుంది. ఎవడో పక్కనుంచి కొట్టేసినా కలకాలం పనిచేయదు.

ఇక పాస్‌వర్డు. కంప్యూటర్ పాస్‌వర్డు పుట్టింది 1960ల మొదట్లో, అమెరికాలోని ఎంఐటీలో. ఒకే పెద్ద యంత్రాన్ని చాలామంది పంచుకుని వాడుకునేవాళ్లు. ఎవరి ఫైళ్లు వారికి విడిగా ఉండాలని ఫెర్నాండో కోర్బాటో బృందం ఒక్కొక్కరికీ ఒక రహస్యపు మాట పెట్టింది. ఆలన్ షేర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటలే యంత్రం దొరికేది, పని తెమిలేది కాదు. 1962లో అతను ఒక పంచ్ కార్డు పెట్టి, పాస్‌వర్డులన్నీ ఉన్న ఫైలును అచ్చు వేయించుకున్నాడు. తర్వాత మిగతావాళ్ల పేర్లతో దర్జాగా పని కానిచ్చుకున్నాడు. అంటే పాస్‌వర్డు పుట్టీపుట్టగానే దొంగ కూడా పుట్టాడు. తాళం తెరిచి దొంగిలించలేదు చూడండి, తాళంచెవులన్నీ ఒకే మేకుకు తగిలించి ఉంటే గుత్తగా పట్టుకుపోయాడు.

మా పిల్లలూ మొదట అదే మేకు కొట్టారు. పాస్‌వర్డులన్నీ ఒక పట్టికలో ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టారు. అప్పుడు వాళ్లకు నేను ఊరిబిండి గురించి చెప్పాల్సి వచ్చింది. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు రోట్లో వేసి నూరితే ఊరిబిండి అవుతుంది. రాగిసంగటిలోకి దాన్ని మించింది లేదు, ఆ సంగతి వేరే. కావలసిన సంగతి ఏమిటంటే, ఊరిబిండి నుంచి చెనక్కాయల్ని వెనక్కి తీయలేం. కానీ అవే పాళ్లు వేసి అలాగే నూరితే అదే రుచి వస్తుంది. పాస్‌వర్డును కూడా ఇలా నూరి పెట్టాలి. దీన్ని హ్యాషింగ్ అంటారు. మనిషి మళ్లీ వచ్చి పాస్‌వర్డు చెప్పినప్పుడు దాన్నీ నూరి రెండు రుచులూ కలిశాయా లేదా చూస్తారు. అసలు మాట ఎక్కడా దాచరు. దొంగ పట్టుకుపోయినా వాడికి దొరికేది ముద్దే.

ఒక చిక్కుంది. ఇద్దరు మనుషులు ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే రెండు ముద్దలూ ఒకేలా ఉంటాయి, ఒకటి తెలిస్తే రెండోదీ తెలిసిపోతుంది. అందుకని ఒక్కొక్కరి ముద్దలో ఒక్కో రకం ఉప్పు చిటికెడు కలుపుతారు. ఇది నేను పోలిక కోసం అంటున్న మాట కాదు. ఆ విద్యలో దాని పేరే సాల్ట్. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు 1979లో రాసిన వ్యాసంలో ఈ ఉప్పు సంగతి ఉంది. 1999లో వచ్చిన బీక్రిప్ట్ అనే పద్ధతి అయితే కావాలనే మెల్లగా నూరుతుంది. మిక్సీ కాదు, రోలు. ఇంట్లోవాళ్లు ఒకసారి నూరుకోడానికి అర సెకను పడితే ఇబ్బంది లేదు, కోట్ల మాటలు నూరి చూడాలనుకునే దొంగకు చేతులు పడిపోతాయి.

ఇదంతా బాగానే అర్థమైంది పిల్లలకు. అసలు కష్టం ఆ తర్వాత, ఊళ్లోకి వెళ్లాక మొదలైంది.

కళ్యాణదుర్గం వైపు అమ్మాయి వాళ్ల అవ్వ ఉంది. చదువు రాదు. కానీ యాప్‌లో వాన కబురు అందరికంటే ముందు పెట్టించేది ఆమే, మనవరాలికి చెప్పి. ఆమెను పాస్‌వర్డు గుర్తుపెట్టుకోమనడం ఎట్లా? అందుకని పిల్లలు ఇప్పుడు అందరూ చేసే పని చేశారు: ఫోన్ నంబరు అడుగుతాం, ఓటీపీ పంపుతాం, ఆరు అంకెలు కొడితే లోపలికి. ఫైర్‌బేస్ లాంటి సేవలు ఈ పనంతా చేసిపెడతాయి. బ్యాంకులూ, వాట్సాపూ ఇదే నేర్పాయి కాబట్టి జనానికీ అలవాటే.

ఓటీపీ వెనక ఒక నమ్మకం దాగుంది. ఒక మనిషికి ఒక ఫోను, ఒక నంబరు, అది ఎప్పటికీ ఆ మనిషిదే. బెంగళూరులో ఆఫీసుల్లో కూర్చుని యాప్‌లు చేసేవాళ్లకు అది లోకసహజం. ఆ అమ్మాయి ఊరు ఆ లోకంలో లేదు. ఆ ఊళ్లో చాలా ఇళ్లలో పనికొచ్చే స్మార్ట్ ఫోను ఒక్కటే. పొద్దున అది నాయన జేబులో, మధ్యాహ్నం కోడలి చేతిలో, సాయంత్రం పిల్లవాడి ఆటలో. ఆ నంబరుకు ఓటీపీ వస్తే లోపలికి వచ్చింది ఎవరు? ఇల్లు వచ్చింది. మనిషి ఎవరో తెలియలేదు. కోడలు రాసిన మాట మామ పేరు మీద పడింది. ఒకింట్లో దానికీ ఒక పంచాయతీ అయింది.

ఇంకో సంగతి ఇంతకంటే లోతైనది. చెనక్కాయ పంట పోయిన ఏడు, కొంతమంది బెంగళూరుకో కేరళకో పనులకు వెళ్లిపోతారు. ఫోను వాళ్లతో వెళుతుంది. ఇంట్లో మిగిలిన పాత ఫోన్లో రీఛార్జి నిలిచిపోతుంది. కొన్నాళ్లకు కంపెనీ ఆ నంబరును ఆపేస్తుంది. ఆపేసిన నంబరును 90 రోజుల దాకా ఇంకెవరికీ ఇవ్వకూడదని నిబంధన, ఆ తర్వాత ఇవ్వొచ్చు. అంటే వలసపోయిన మనిషి ఉగాదికి తిరిగొచ్చేసరికి ఆ నంబరు ఏ గుంటూరులోనో ఎవరి చేతిలోనో మోగుతుండొచ్చు. ఆ కొత్త మనిషి మా యాప్ దించుకుని నంబరు కొడితే ఓటీపీ ఆయనకే వస్తుంది. నేరుగా మన అవ్వ ఖాతాలోకి వచ్చి కూర్చుంటాడు. దొంగ కాదు పాపం, తప్పూ చేయలేదు. ఇక అవ్వ? తన ఇంటి తలుపు ముందు నిలబడి "నేనే" అంటుంది, తలుపు తెరుచుకోదు. రీఛార్జి డబ్బుల్లేక మనిషి తన పేరు పోగొట్టుకుంటుంది. కరువు జేబునే కాకుండా పేరును కూడా ముట్టుకుంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

వేలిముద్ర పెడదామన్నాడు ఒక పిల్లవాడు. రేషన్ డీలరు దగ్గర మిషను మీద వేలు పెట్టి, తుడిచి, మళ్లీ పెట్టి, చివరకు పక్కవేలు పెట్టే ముసలివాళ్లను మీరూ చూసే ఉంటారు. కాయ ఒలిచి, గడ్డపార పట్టి అరిగిపోయిన వేళ్లవి. ఇంకొకడు ఆధార్ నంబరు అడుగుదామన్నాడు. అతనికి మాత్రం కొంచెం గట్టిగానే చెప్పాను. ప్రైవేటువాళ్లు ఆధార్ అడగడానికి సందిచ్చిన 57వ సెక్షన్ భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న కొట్టేసింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, తప్పిపోయిన మేకపిల్ల కబురు చెప్పడానికి ఆధార్ ఎందుకు? మన దగ్గర లేనిది మన దగ్గరనుంచి ఎవరూ దొంగిలించలేరు.

దారి దొరికింది ఎక్కడో కాదు, ఆ అవ్వ ఇంట్లోనే. దూలం కింద ప్లాస్టిక్ సంచిలో చుట్టిపెట్టిన ఉపాధి హామీ జాబ్ కార్డు.

ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొట్టమొదట మొదలుపెట్టింది మన జిల్లాలోనే అని మీకు గుర్తుండే ఉంటుంది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. ఆ పథకంలో జాబ్ కార్డు మనిషికి ఒకటి కాదు, ఇంటికి ఒకటి. కార్డుకు ఒక నంబరు. కానీ లోపల ఇంట్లో పని అడిగే పెద్దలందరి పేర్లూ విడివిడిగా, ఫోటోలతో. మస్టర్లో, అంటే హాజరు పట్టీలో, పని పడేది మనిషి పేరు మీద, కార్డు మాత్రం ఇంటిది. ఈ పథకం రాసినవాళ్లకు మన ఊళ్లో ఇల్లు అంటే ఏమిటో తెలుసు. ఇల్లూ ఉంది, ఇంట్లో మనుషులూ ఉన్నారు, రెండూ ఒకటి కాదు.

పిల్లలు మొత్తం తిరగరాశారు. ఫోన్ నంబరు, ఓటీపీ ఇప్పుడు ఇంటి తలుపు మాత్రమే. అది తెరిస్తే లోపల ఇంటివాళ్ల ఫోటోలు వరసగా కనిపిస్తాయి. ఎవరి ఫోటో వాళ్లు నొక్కి, తమ నాలుగంకెల పిన్ కొట్టాలి. నాలుగంకెలంటే 10,000 రకాలే, యంత్రంతో ప్రయత్నిస్తే కాసేపటి పని. అందుకని ఐదుసార్లు తప్పు కొడితే ఆ ఫోటో గంటసేపు ముసుగేసుకుంటుంది, లెక్క ఉంచుకునేది సర్వర్, ఫోన్ కాదు. కాసేపు ముట్టుకోకపోతే యాప్ తనంతట తానే ఫోటోల పేజీకి వెళ్లిపోతుంది, కాబట్టి అత్త రాసి వదిలిన చోటునుంచి కోడలు అత్త పేరుతో రాసే వీలుండదు. చదవడానికి మాత్రం ఏ లాగిన్ లేదు. వాన ఎంత పడిందో తెలుసుకోడానికి చీటీ చూపించమనడం నాకు నచ్చదు. ఈ మాట మీద పిల్లలు నాతో వాదించారు, నేను ఒప్పుకోలేదు.

నంబరు పోతే ఏం చేయాలి? దీనికీ మన పాత పద్ధతే. పత్రం మీద వేసిన వేలిముద్ర కింద సాక్షి సంతకాలు ఉంటాయి కదా. అప్పటికే యాప్‌లో ఉన్న వేరే రెండిళ్ల మనుషులు "ఈమె ఆమే" అని ఒప్పుకుంటే ఖాతా కొత్త నంబరుకు మారుతుంది. మా సీమలో అన్నదమ్ముల భూమి తగాదాల్లో సాక్షుల్ని చూసినవాళ్లు ఇక్కడ నవ్వుకుంటారని తెలుసు. మేమూ అనుకున్నాం. అందుకే ఆ మార్పు వెంటనే జరగదు, రెండు రోజులు ఆగుతుంది. ఈలోగా ఇంటివాళ్లందరి పేజీల్లోనూ, పాత నంబరుకూ "ఫలానా ఇద్దరి మాట మీద ఖాతా మారుతోంది" అని సాక్షుల పేర్లతో సహా కబురు వెళుతుంది. అడ్డం చెప్పేవాళ్లుంటే ఆగిపోతుంది. ఇదీ ఉపాధి హామీలో చూసిందే. ఉపాధి పనుల సామాజిక తనిఖీలో మస్టరు పేర్లు ఊరి ముందు చదివి వినిపించేవాళ్లు, పనికి రాని మనిషి పేరుంటే జనంలోంచే ఎవరో లేచేవాళ్లు. దొంగ మస్టరుకు అంతకంటే మంచి మందు నేను చూడలేదు.

చివరగా మిగిలిన చిక్కు పాత పోస్టులు. లాగిన్ రాకముందు మూడు వారాలపాటు ఎవరికి తోచిన పేరుతో వాళ్లు రాసినవి దాదాపు 200 ఉన్నాయి. కొత్త పద్ధతిలో ప్రతి పోస్టుకూ ఒక సొంతదారు ఉండాలి. వీటికి ఎవర్ని రాయాలి? పేరు చూసి రాసేద్దాం అన్నారు పిల్లలు. అట్లయితే "ట్యాంకరు రాదు" అన్న అబద్ధం శాశ్వతంగా ట్యాంకరాయన ఖాతాలో పడుతుంది. తీసేద్దామంటే వాటిలో ఆ నెల వానల లెక్కంతా ఉంది.

ఈ చిక్కు మన భూములకు పాతదే. మన ప్రాంతం కలిసి ఉన్న దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో రైతు పేరు మీద పట్టా రాసే పద్ధతిని ఈ నేలమీద నిలబెట్టాడు. ఆ తర్వాతి కాలంలో సర్వే రీసెటిల్‌మెంటు రిజిస్టర్లు రాసినప్పుడు, భూమి ఎవరిదో తేలని చోట పేరు రాసే గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. అవే చుక్కల భూములు. అవి నిషేధిత జాబితాలోకి ఎక్కి, తాతల నాటినుంచి దున్నుకుంటున్న రైతులు కూతురి పెళ్లికి ఒక ఎకరం అమ్ముకోలేక తిరిగారు. వాటిని సరిచేయడానికి 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. ముందు వాడకం, తర్వాత పేరు. అట్లా వచ్చిన ప్రతిచోటా ఈ చుక్కలు మిగులుతాయి. యాప్ అయినా అంతే. అందుకే మొదటిరోజే లాగిన్ లేకపోయినా ఫరవాలేదు గానీ, ప్రతి పోస్టు పక్కనా సొంతదారు గడి ఒకటి ఖాళీగా అయినా ఉంచమని ఇప్పుడు నా తరగతిలో చెబుతున్నాను.

మేమూ చుక్కలే పెట్టాం. పాత పోస్టుల పక్కన పేరు చోట మూడు చుక్కలు, దాని కింద "ఇది నాదే" అని ఒక బటన్. నొక్కినవాళ్ల పేరు వారం పాటు అందరికీ కనిపిస్తుంది, ఎవరూ కాదనకపోతే పోస్టు వాళ్లది. జూన్లో పదునైన రోజు మొదటి వాన కబురుకు అవ్వ తన ఫోటో నొక్కింది, పిన్ తానే కొట్టింది. అదే కబురు నాదంటూ పక్కింటాయన కూడా వచ్చాడు, వాళ్లిద్దరూ ఇంకా తేల్చుకుంటున్నారు. టమోటా బాక్సు ధర బాగా పలికిన రోజు పోస్టుకు ముగ్గురు వచ్చారు. ట్యాంకరు రాదన్న పోస్టుకు మాత్రం ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.